నీళ్లు తొణకలేదు.. రైలు రాలేదు!

కొత్త వేగం రైళ్ల తేదీలు ఎందుకు జారిపోతున్నాయి? బెంగళూరు నుంచి లాతూరు దాకా, పెరంబూరు నుంచి న్యూజెర్సీ దాకా ఒక ఆలస్యం కథ

కిటికీ పక్కన చిన్న బల్ల. దాని మీద దాదాపు అంచుదాకా నింపిన నీళ్ల గ్లాసు. పక్కన సెల్‌ఫోను, దాని తెర మీద వేగం అంకెలు. రాజస్థాన్‌లోని కోటా పరిసరాల్లో వందేభారత్ స్లీపర్ దూసుకుపోతోంది. అంకె 180కి చేరింది. నీళ్లు సన్నగా వణికాయి, అంతే. ఒక్క బొట్టూ బల్ల మీద పడలేదు.

2025 జనవరి మొదటి వారంలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ బయటపెట్టిన ఈ వీడియో మన ఫోన్లన్నీ తిరిగింది. సరిగ్గా సంక్రాంతి ముందు. సికింద్రాబాద్ నుంచి విశాఖకో, కాకినాడకో, నర్సాపురానికో బెర్తు కోసం జనం తత్కాల్ వేళకి ఫోన్లు పట్టుకుని కాచుక్కూర్చునే రోజులవి. ‘వచ్చే పండక్కి ఇందులోనే పోదాం’ అనుకోనివాళ్లు తక్కువ.

ఆ సంక్రాంతి వెళ్లింది. ఉగాది, దసరా, దీపావళి వెళ్లాయి. మళ్లీ సంక్రాంతి వచ్చి, కనుమ కూడా దాటాక, 2026 జనవరి 17న పశ్చిమ బెంగాల్‌లోని మాల్దాలో ప్రధాని తొలి వందేభారత్ స్లీపర్‌కు పచ్చజెండా ఊపారు. అది హావ్‌డా, గువాహటి (కామాఖ్య) మధ్య తిరిగే బండి. తొలి అవకాశం మనది కాదు.

బెంగళూరు బీఈఎంఎల్ కర్మాగారంలో ఈ రైలును మొదట జనానికి చూపించింది 2024 సెప్టెంబరు 1న. మూడు నెలల్లో ప్రయాణికులు ఎక్కుతారని అప్పుడు చెప్పారు. పట్టింది పదహారున్నర నెలలు.

ఆలస్యాలన్నీ ఒక జాతివి కావు. తయారైన రైలును పరీక్షించడంలో అయ్యే ఆలస్యం ఒకటి. రైలు ఎలా ఉండాలో, ఎవరు చెయ్యాలో తేల్చుకోలేక అయ్యే ఆలస్యం ఇంకొకటి. మనం విసుక్కునేది మొదటిదాని మీద, ఎందుకంటే రైలు కళ్లెదుట ఉంటుంది. రెండోది ఫైళ్లలో జరుగుతుంది కాబట్టి ఎవరికీ కోపం రాదు. రావాల్సింది మాత్రం దాని మీదే.

ముందు తేదీ, తర్వాత బండి

2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని ఒక మాట ఇచ్చారు: అమృత మహోత్సవ కాలంలో 75 వారాల్లో 75 వందేభారత్ రైళ్లు. ఆ ఉత్సవాలు ముగిసిన 2023 ఆగస్టు నాటికి నడుస్తున్నవి 25 జతలు. ఈ లోపే, 2022 బడ్జెట్లో ఇంకా పెద్ద మాట వచ్చింది. మూడేళ్లలో 400 రైళ్లు! 2024 చివరికి రానుపోను కలిపి లెక్కేస్తే 136 సర్వీసులు తేలాయి.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు. 400 అని ప్రకటించిన రోజున దేశంలో తిరుగుతున్న వందేభారత్‌లు రెండంటే రెండు. మూడోది ఇంకా ఫ్యాక్టరీ గడప దాటలేదు.

ఇలా అంటే రైళ్లకు ఆదరణ లేదని కాదు. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్‌ను 8 పెట్టెలతో మొదలుపెడితే, మే నెలలోనే 16 చెయ్యాల్సి వచ్చింది. గిరాకీ ముందు పరుగెడుతోంది, బండ్లు వెనక నడుస్తున్నాయి.

పెరంబూరులో పద్దెనిమిది నెలలు

చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) కథ తెలిస్తే ఈ ఆలస్యం ఇంకా వింతగా కనిపిస్తుంది. అప్పటి జనరల్ మేనేజర్ సుధాంశు మణి నాయకత్వంలో ఇంజినీర్లు ‘ట్రైన్ 18’ని సుమారు ఏడాదిన్నరలో తయారుచేశారు. ఖర్చు దాదాపు 100 కోట్ల రూపాయలు. ముందు ఇంజిన్ తగిలించక్కర్లేకుండా, పెట్టెల కిందే మోటార్లున్న రైలు. దాన్ని నడిపించే విద్యుత్ వ్యవస్థ హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్‌ది. 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ–వారణాసి మధ్య అది వందేభారత్ పేరుతో పట్టాలెక్కేసరికి మణి పదవీ విరమణ చేసి నెలన్నర దాటింది.

అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ–కట్రా మార్గంలో రెండోది వచ్చింది. మూడోది గాంధీనగర్–ముంబయి మధ్య ఎప్పుడొచ్చిందో తెలుసా? 2022 సెప్టెంబరు 30న. మొదటి రైలుకు ఏడాదిన్నర పట్టిన చోట, రెండోదానికీ మూడోదానికీ మధ్య దాదాపు మూడేళ్లు!

చెయ్యడం మర్చిపోయి కాదు. ట్రైన్ 18 టెండర్లో పక్షపాతం జరిగిందంటూ ఐసీఎఫ్ అధికారుల మీద విజిలెన్స్ విచారణ మొదలైంది. ఆరోపణలు చివరికి నిలవలేదు. కానీ విచారణ నడిచినన్నాళ్లూ ఏ అధికారి ధైర్యంగా కొత్త ఫైలు మీద సంతకం పెడతాడు? దేశమంతా చప్పట్లు కొట్టిన రైలును చేసిన చేతులే సంజాయిషీలు రాసుకుంటూ కూర్చున్నాయి. ఆలస్యానికి కారణాల జాబితా రాసేటప్పుడు ఈ భయాన్ని ఎవరూ రాయరు. నాకు మాత్రం జాబితాలో మొదటిది ఇదే అనిపిస్తుంది.

తర్వాత 44 రైళ్ల సామగ్రికి టెండరు పిలిచారు. పాల్గొన్నవాటిలో చైనా భాగస్వామ్యమున్న కంపెనీ ఒకటి. గల్వాన్ ఘర్షణ జరిగిన ఏడాది అది. 2020 ఆగస్టులో టెండరు రద్దయింది. కొత్తగా పిలిచి, 2021 జనవరిలో మేధాకు కట్టబెట్టారు. అప్పటికి రెండో రైలు వచ్చి పదిహేను నెలలు.

> ■ 128 చక్రాలు
>
> కొత్త వందేభారత్‌ల చక్రాలకు రైల్వే ఆర్డరిచ్చింది ఉక్రెయిన్ ఫ్యాక్టరీకి. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైంది. నల్లసముద్రం రేవులు మూతపడ్డాయి. తయారైన 128 చక్రాలను లారీల్లో సరిహద్దు దాటించి రొమేనియాకు చేర్చి, అక్కణ్నుంచి విమానంలో రప్పించాల్సి వచ్చింది. పెట్టెకు 8 చక్రాల చొప్పున 16 పెట్టెలకు లెక్కేస్తే 128. అంటే సరిగ్గా ఒక్క రైలుకు!
>
> విశాఖ ఉక్కు కర్మాగారం (ఆర్‌ఐఎన్‌ఎల్) ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో రైలు చక్రాల ఫ్యాక్టరీ కట్టింది. దాని సామర్థ్యం ఏడాదికి లక్ష చక్రాలు. మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయి, ఆ ఫ్యాక్టరీ పూర్తి బలంతో తిరగలేకపోయింది.

కూర్చునే బండి, పడుకునే బండి

పగటిపూట కుర్చీల రైలును చేసినవాళ్లకు రాత్రిపూట బెర్తుల రైలు ఎంతసేపు? చాలామంది అడిగిన ప్రశ్న. ఈ రెండూ పైకి ఒకటే, లోపల వేరు.

కుర్చీలో కూర్చున్న మనిషి మెలకువగా ఉంటాడు. పొగ వస్తే ముందే తెలుస్తుంది, లేచి తలుపు వైపు నడుస్తాడు. అర్ధరాత్రి పై బెర్తులో నిద్రపోతున్న పెద్దావిడ సంగతి వేరు. ఆమె లేవాలి, కళ్లజోడు వెతుక్కోవాలి, నిచ్చెన దిగాలి. పరదాలు, పరుపులు, రగ్గులు ఉంటాయి కాబట్టి మండే వస్తువులూ ఎక్కువే. అందుకే ఈ రైలు లోపలి సామగ్రికి ఐరోపా అగ్నిభద్రతా ప్రమాణం ఈఎన్ 45545లో అన్నిటికన్నా కఠినమైన హెచ్‌ఎల్–3 స్థాయిని నిర్దేశించారు.

లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో ఇంజినీర్లు ప్రయాణికుల బరువుకు సరిపడా బరువులు పెట్టి నడిపి చూస్తారు. ఖాళీగా నడుపుతారు. వంపుల్లో ఊగిసలాట కొలుస్తారు. ఉన్నట్టుండి బ్రేకు వేసి ఎంత దూరంలో ఆగిందో చూస్తారు. ఆ తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి ఉండాలి. ఈ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. బండి నడిపేవాడే బండికి సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదని అలా పెట్టారు.

2025 అక్టోబరు చివర్లో రైల్వే బోర్డు రాసిన లేఖలోని లోపాలు పత్రికల్లో వచ్చాయి. బెర్తుల దగ్గర పదునైన అంచులు. పరదా పిడుల్లో తేడా. బెర్తులు కలిసేచోట చీపురు దూరని సందులు. చదివి నవ్వుకున్నవాళ్లున్నారు, ‘180 వేగం అందుకున్న రైలు పరదా పిడి దగ్గర ఆగిందా’ అని. నవ్వక్కర్లేదు. చీకట్లో కిందకి దిగే పసిపిల్లాడి నుదురు తగిలేది ఆ అంచుకే.

ఆ లేఖకు నాలుగు రోజుల ముందు, అక్టోబరు 24 తెల్లవారుజామున, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర తగలబడింది. 19 మంది ప్రయాణికులు బయటపడలేకపోయారు. ఎక్కువమంది నిద్రలో ఉన్నవాళ్లే. మనుషులు పడుకుని వెళ్లే బండిని ఎందుకంత పట్టిపట్టి చూడాలో ఆ ఉదయం తర్వాత తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఆలస్యం విషయంలో నిదానమే ప్రధానం.

ఇంకో చిక్కు మామూలు లెక్కది. పగటి రైలయితే ఒకే రేక్‌తో, అంటే ఒకే పెట్టెల వరసతో, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. రాత్రి రైలు అలా కాదు. ఇక్కడ ఒకటి బయల్దేరేవేళకి అక్కడ ఇంకొకటి బయల్దేరాలి. కాబట్టి రెండో రేక్ వచ్చేదాకా మొదటిదాన్ని నడపలేమని రైల్వే చెప్పింది. సబబైన మాటే. మొదటి రేక్‌ను చూపించిన రోజున ఈ సంగతి తెలియదా అన్నదొక్కటే ప్రశ్న.

మరుగుదొడ్డి ఎవరిది?

బీఈఎంఎల్ చేస్తున్నవి పదే. అసలు పెద్ద పని 200 రైళ్లది. 2023 మార్చిలో ఆ టెండర్లు తెరిచారు. రష్యాకు చెందిన టీఎంహెచ్, మన రైల్ వికాస్ నిగమ్ (ఆర్‌వీఎన్‌ఎల్) కలిసి రైలుకు 120 కోట్ల చొప్పున అందరికన్నా తక్కువకు వేశాయి. వాటికి 120 రైళ్లు, అదే ధరకు ఒప్పుకున్న టిటాగఢ్–బీహెచ్‌ఈఎల్ జంటకు 80 రైళ్లు దక్కాయి.

ఇక పెళ్లయ్యాక పంపకాల గొడవ. ఉమ్మడి కంపెనీలో పెద్ద వాటా ఎవరిదని రష్యావాళ్లకూ ఆర్‌వీఎన్‌ఎల్‌కూ తేడా వచ్చింది. ఒప్పందం సంతకాలు 2023 సెప్టెంబరుకు గానీ కాలేదు. ఆ తర్వాత మరుగుదొడ్ల వంతు. పెట్టెకు ఎన్ని ఉండాలి, వంటపెట్టె ఉండాలా, సామాన్ల చోటు ఎంత అన్నవి మధ్యలో మార్చమంటున్నారని, దాంతో కాలం గడిచిపోతోందని రష్యా పక్షం నుంచి వార్తలొచ్చాయి. అలాంటి సమస్యేదీ లేదని రైల్వే శాఖ కొట్టిపారేసింది. ఎవరి మాట నిజమైనా, ఈ ఉమ్మడి కంపెనీ మహారాష్ట్రలోని లాతూరు ఫ్యాక్టరీలో తయారుచెయ్యాల్సిన రైలు కోసం కాలండర్లు మారాయి.

అల్యూమినియం పెట్టెల రైళ్లది ఇంకా చిన్న కథ. వంద రైళ్లు, 30,000 కోట్ల టెండరు. ఆల్‌స్టమ్ కంపెనీ రైలుకు 150.9 కోట్లు అడిగింది. రైల్వే 140 దగ్గర ఆగింది. 2024 ఆగస్టులో టెండరు రద్దు.

> ■ అన్ని దేశాల్లోనూ ఇదే గోల
>
> అమెరికా: బోస్టన్–న్యూయార్క్–వాషింగ్టన్ మార్గానికి 28 కొత్త ఎసెలా రైళ్లను ఆమ్‌ట్రాక్ సంస్థ 2016లో ఆర్డరిచ్చింది. 2021లో నడవాలి. మొదటివి నడిచింది 2025 ఆగస్టు 28న. పాత మెలికల పట్టాల మీద కొత్త రైలు ఎలా ప్రవర్తిస్తుందో కంప్యూటర్లో నిరూపించడానికే ఏళ్లు పట్టింది. న్యూజెర్సీ నుంచి ఉద్యోగాలకు వెళ్లే మనవాళ్లు ఈ కథ అంతా దగ్గరుండి చూశారు.
>
> జర్మనీ: సీమెన్స్‌కు 2008లో ఆర్డరిచ్చిన ఐసీఈ రైళ్లు రెండేళ్లు ఆలస్యంగా 2013 డిసెంబరులో వచ్చాయి. పరిహారంగా ఒక రైలును సీమెన్స్ ఊరికే ఇచ్చింది.
>
> నెదర్లాండ్స్–బెల్జియం: 2004లో ఆర్డరిచ్చిన ఫైరా రైళ్లు 2012 డిసెంబరులో మొదలయ్యాయి. మంచుకు తట్టుకోలేక, అడుగుభాగం రేకు ఊడి పట్టాల మీద పడేదాకా వచ్చి, సుమారు నలభై రోజులకే ఆగిపోయాయి. తర్వాత, తయారైన ఇటలీకే తిరిగి వెళ్లిపోయాయి. ఆలస్యంగా వచ్చినంత మాత్రాన బాగా చేశారనుకోవద్దని ఆ రెండు దేశాలకూ బాగా తెలుసు.

పట్టాలూ రావాలిగా

రైలు వచ్చినా పట్టాలు దానికి తగ్గట్టు లేకపోతే? వందేభారత్‌ను 180 వేగానికి తయారుచేశారు. చాలా మార్గాల్లో 130 దాటనివ్వరు. సగటు వేగం 2020–21లో గంటకు 84.48 కిలోమీటర్లు ఉంటే 2023–24కు 76.25కి దిగిందని సమాచార హక్కు కింద రైల్వేనే చెప్పింది. సికింద్రాబాద్ నుంచి విశాఖకు దాదాపు 700 కిలోమీటర్లు వెళ్లడానికి ఎనిమిదిన్నర గంటలు. పరుగు పందెం గుర్రాన్ని తెచ్చి సంతలో తిప్పుతున్నాం.

వేగం పెంచాలంటే ‘కవచ్’ కావాలి. డ్రైవరు సిగ్నల్ చూడకపోయినా తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు ఇది. దీని పుట్టిల్లు మన దక్షిణ మధ్య రైల్వే అంటే తప్పు లేదు. 2016లో లింగంపల్లి–వికారాబాద్–వాడి మార్గంలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. తొలినాళ్లలో దీన్ని తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్గిద్ద మధ్య మంత్రి ఒక ఇంజిన్లో, రైల్వే బోర్డు ఛైర్మన్ ఎదురొచ్చే ఇంజిన్లో కూర్చుని, రెండూ ఢీకొనకుండా వాటంతటవే ఆగడం చూశారు. ఆ రోజు ఆ ఇంజిన్లలో కూర్చున్నవాళ్ల గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాలి!

ఈలోగా రాత్రి ఎలా గడుస్తోంది?

ఆలస్యం ఖరీదు పత్రాల్లో కనిపించదు, ప్లాట్‌ఫారం మీద కనిపిస్తుంది. విశాఖ నుంచి హైదరాబాద్‌కు సాయంత్రం బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ 2024లో యాభై ఏళ్లు పూర్తిచేసుకుంది. తాతలు ఎక్కిన బండికే మనవలు ఇప్పటికీ టికెట్టు కోసం కొట్టుకుంటున్నారు. దాని మీద ప్రేమ ఉండొచ్చు, కానీ అర్ధశతాబ్దంలో జనం పెరిగినంతగా రాత్రి బెర్తులు పెరగలేదు. బెర్తు దొరకనివాళ్లు ప్రైవేటు బస్సు వైపు నడుస్తారు. పండగ రోజుల్లో అక్కడ చెప్పిందే రేటు.

కొత్త స్లీపర్ వచ్చినా అందరి బాధా తీరదు. అందులో 16 పెట్టెలూ ఏసీవే, 823 బెర్తులు. హావ్‌డా–గువాహటికి థర్డ్ ఏసీ చార్జీ భోజనంతో సుమారు 2,300 రూపాయలు. ఆర్‌ఏసీ లేదు. కనీసం 400 కిలోమీటర్ల చార్జీ కట్టాల్సిందే. తునిలో ఎక్కి రాజమండ్రిలో దిగేవాడికి ఇందులో చోటు లేదన్నమాట. జనరల్ పెట్టెలో మెట్ల దగ్గర కూర్చుని వెళ్లే కూలీకి కావాల్సింది 2023 డిసెంబరులో మొదలైన అమృత్ భారత్ లాంటి ఏసీ లేని రైళ్లు. ముఖచిత్రాలకు అవి ఎక్కవు గానీ, ఎక్కువమందిని ఎక్కించుకునేవి అవే.

హైదరాబాద్‌కు మూడు గీతలు

2026 ఫిబ్రవరి 1న బడ్జెట్లో ఏడు హైస్పీడ్ మార్గాలు ప్రకటించారు. వాటిలో మూడు హైదరాబాద్‌ను తాకుతాయి: పుణె–హైదరాబాద్, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై. అప్పట్నుంచి ఏ ఇద్దరు కలిసినా ఇదే మాట. స్టేషన్ ఎక్కడ, భూముల ధరలు ఎంత పెరుగుతాయి అని. ఆ పట్టాల మీద ఏ రైలు పరుగెడుతుందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

అడగాల్సింది అదే. ముంబయి–అహ్మదాబాద్ 508 కిలోమీటర్ల బుల్లెట్ రైలుకు 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. 2022 ఆగస్టు 15 నాటికి నడవాలన్నారు. మహారాష్ట్రలో భూసేకరణ దగ్గర ఏళ్లు గడిచాయి. జపాన్ ఈ5 రైళ్లు కొందామనుకున్నారు. ధర కుదరలేదు, కాలం గడిచింది, మాట ఈ10 అనే రాబోయే తరానికి మారింది. చివరికి 2024 అక్టోబరులో, శంకుస్థాపన జరిగిన ఏడేళ్లకు, గంటకు 280 కిలోమీటర్ల వేగానికి తగిన రెండు రైళ్లు మనమే చేద్దామని బీఈఎంఎల్‌తో 866.87 కోట్లకు ఒప్పందం కుదిరింది. ఎనిమిదేసి పెట్టెల రైళ్లవి.

అవి 2026 చివరికి రావాలి. సూరత్–బిలిమోరా మధ్య తొలి పరుగు 2027 ఆగస్టులో అని ప్రకటించారు. ఇదే బీఈఎంఎల్ నుంచి బయటికొచ్చిన స్లీపర్‌కు, తెలిసిన పట్టాల మీద, తెలిసిన సాంకేతికతతో, చూపించిన రోజు నుంచి ప్రయాణికులు ఎక్కే రోజు దాకా పదహారున్నర నెలలు పట్టింది. ఈ కొత్త రైలు వేగం దానికన్నా వంద కిలోమీటర్లు ఎక్కువ. అయినా అంతే కాలం పడుతుందనుకుందాం. 2026 డిసెంబరుకు పదహారున్నర నెలలు కలిపితే వచ్చేది 2028 ఏప్రిల్, మే.